నూట నలభై మూడు ముళ్ళు

మంగాయమ్మగారింట్లో దారం ముక్క పారెయ్యడమంటూ ఉండదు. చేపల చెరువులకు తవుడు బస్తాలు దిగిన రోజున, మూతులు విప్పిన దారాలన్నీ ఒక చుట్టగా వెనక వసారాలోకి వచ్చి పడతాయి. భోజనాలయ్యాక ఆవిడ పీట వాల్చుకుని కూర్చుంటుంది. కళ్ళజోడు ముక్కు చివరకు దించి, ఒక్కొక్క ముడీ గోటితో వదులు చేసి, విప్పి, తడిగుడ్డలో పెట్టి సర్రున ఒక లాగు లాగి, ఉండ చుడుతుంది. ఆ ఇంట్లో సొరపాదు పందిరెక్కేదీ, దోమతెర నిలబడేదీ, ఆవకాయ జాడీకి వాసెన కట్టేదీ ఆ ఉండలతోనే.

"ముడి కనిపిస్తే చాలు, నా చెయ్యి ఊరుకోదమ్మాయ్" అంటుంది ఆవిడ, కోడలు నవ్వితే.

కోడలు వీరదుర్గ ఆ ఇంటికి వచ్చి మూడు నెలలు. తాడేపల్లిగూడెం పిల్ల. ఏలూరులో ఎమ్మే ఇంగ్లీషు చదివింది. శ్రావణంలో పెళ్ళయింది. ఆకివీడు దాటి నాలుగు కిలోమీటర్లు, కొల్లేటి అంచున వాళ్ళ ఇల్లు. చుట్టూ చెరువులు, చెరువుల మధ్య గట్లు, గట్ల మీద కొబ్బరిమొక్కలు. దుర్గకు అన్నీ సరదాయే. గట్టు మీద వినయ్ బండి వెనక కూర్చుని వెళ్తుంటే చేప ఒకటి నీళ్ళలోంచి ఎగిరి మళ్ళీ పడడం సరదా. తెల్లారేసరికి లారీ దగ్గర ఐసు దిమ్మలు కొట్టే చప్పుడు సరదా. గిన్నె అడుగున తాలింపు దిగిన పులిహోర అత్తగారు ఎవరికీ పెట్టకుండా తనకోసం దాచి ఉంచడం మరీ సరదా. "ఇంత చిన్నచిన్న వాటికి ఇంత నవ్వొస్తుందేంటండీ నాకు?" అని మొగుణ్ణి అడిగింది ఒకసారి. "డాక్టరుకి చూపిద్దాంలే" అన్నాడు వినయ్.

ఆ ఇంటి మేడ మీద ఒక్కటే గది. అందులో కాల్డర్ గారు ఉండేవారు.

ఆయన అమెరికా మనిషి, రచయిత. డెబ్భై ఎనిమిదేళ్ళు. ఇరవై రెండో ఏట వియత్నాం యుద్ధంలో పట్టుబడి, అయిదేళ్ళు ఖైదులో ఉన్నారు. వదిలేశాక సొంత ఇంట్లో ఉన్నది పదకొండు రోజులే. అక్కణ్ణించి ఇరవై ఏళ్ళు ఎక్కడా కాలు నిలవలేదు. న్యూయార్కులో చిత్రకారుల అటకల మీద పడుకున్నారు. గ్రీసులో పడవలకు రంగులు వేశారు. ఖాట్మండులో ఒక హోటల్ వంటింట్లో గిన్నెలు తోమి, అదే వంటింట్లో నేల మీద కాగితాలు పరుచుకుని రాసేవారు. ఒళ్ళు తెలియకుండా తాగారు. తనను నమ్ముకున్న ఆడవాళ్ళను ఏడిపించారు. నాలుగు పుస్తకాలు రాశారు; ఆ నాలుగింటిలో ఎక్కడా యుద్ధం లేదు, జైలు లేదు. మద్రాసు వెళ్తూ రైల్లో కామెర్లు ముదిరి స్పృహ తప్పితే, ఏలూరు స్టేషన్లో దించేశారు. అక్కడి ఆసుపత్రిలో నర్సు పుష్పమ్మ. "ఆవిడ జావ పోసింది, నేను ఉండిపోయాను" అని ఆ పెళ్ళి కథంతా రెండు ముక్కల్లో తేల్చేసేవారు ఆయన.

పుష్పమ్మ పోయి తొమ్మిదేళ్ళు. ఆవిడ పోయాక ఏలూరు ఇంట్లో గోడలు దగ్గరకు జరుగుతున్నాయని ఆయనకు అనిపించిందట. ఒకరోజు బస్సెక్కి కొల్లేరు చూడడానికి వచ్చి, వినయ్ వాళ్ళ నాన్న వెంకట్రాజుగారి మేడ ఎక్కి, చుట్టూ చూసి, "కనుచూపు మేర గోడ లేదండీ. ఇక్కడ ఉండనిస్తారా?" అని అడిగారు. వెంకట్రాజుగారు సరేనన్నారు. కాల్డర్ గారు ఆ గదికి తలుపు రెక్కలు ఊడదీయించి మంచం కింద పెట్టించారు. జల్లు కొడితే గోనెపట్టా కట్టుకునేవారు తప్ప తలుపు మాట ఎత్తనిచ్చేవారు కాదు. తెలుగు పుష్పమ్మ దగ్గర నేర్చుకున్నారు కాబట్టి ఆవిడలాగే అందరినీ మన్నించి మాట్లాడేవారు. వీధి కుక్కను కూడా "మీరు అవతలికి వెళ్ళండి" అనేవారు. అది విన్న రోజున దుర్గ నవ్వు ఆపుకోలేక మెట్ల మీదే కూర్చుండిపోయింది.

తాడు సంగతి ఆమెకు ఇడ్డెన్ల పళ్ళెంతో పైకి వెళ్ళిన ఒక పొద్దున తెలిసింది. ఆయన పిట్టగోడ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఒడిలో తెల్లటి దారం. దాని నిండా ముళ్ళు. బొటనవేలు ఒక్కొక్క ముడి మీదా ఆగుతోంది, పెదవులు కదులుతున్నాయి.

"జపమా తాతగారూ?"

ఆయన కళ్ళెత్తి ఆమె మెడలోని పసుపుతాడు కేసి చూశారు.

"పెళ్ళిలో మీ ఆయన మూడు ముళ్ళు వేశారు కదా. ఒక్కొక్క ముడికి ఏం చెప్పారు?"

"ఏవోనండీ! బాజాల గోలలో నాకేం వినపడలేదు. పైగా ఆయనకి రెండో ముడి పడలేదు. పక్కనించి వాళ్ళ పెద్దమ్మ వేసేసింది."

కాల్డర్ గారు చాలాసేపు నవ్వారు. నవ్వాక, "నా దగ్గర నూట నలభై మూడున్నాయి. ప్రతి ముడికీ మాటలున్నాయి" అన్నారు.

ఆ రోజు ఇడ్లీలు చల్లారిపోయాయి.

జైల్లో పక్క గదిలో టోబిన్ అనే కుర్రాడు ఉండేవాడట. ఒకరి ముఖం ఒకరు ఎప్పుడూ చూడలేదు. గోడ మీద వేలితో కొట్టి మాట్లాడుకునేవారు. ఇన్ని దెబ్బలకు ఈ అక్షరం అని లెక్క. అయిదు దెబ్బలు కొడితే 'ఉన్నావా?' అని. రెండు కొడితే 'ఉన్నాను' అని. టోబిన్ యుద్ధానికి వెళ్ళేటప్పటికి అతని భార్యకు నెలలు నిండుతున్నాయి. అతను ఆ బిడ్డకు ఒక ఉత్తరం రాయాలనుకున్నాడు. కాగితం లేదు, కలం లేదు. రోజుకొక వాక్యం గోడ మీద కొట్టాడు. కాల్డర్ గారు కంబళిలోంచి పోగులు లాగి, పేని, వాక్యానికొక ముడి వేశారు. దుఃఖమైతే బిగువు ముడి, నవ్వుల మాటైతే వదులు ముడి, ప్రశ్నకు జంట ముడి, పేరాకీ పేరాకీ మధ్య రెండు వేళ్ళ ఎడం. ఉత్తరం పూర్తయిన నెలకు టోబిన్ జ్వరంతో చచ్చిపోయాడు. కాల్డర్ గారు ఇంకా నాలుగేళ్ళు ఆ తాడును చొక్కా కుట్టులో దాచుకుని బతికారు.

"బయటికి వచ్చాక వాళ్ళింటికి వెళ్ళానండీ. గేటు దగ్గర నిలబడ్డాను. ముంగిట్లో ఒకాయన చిన్నపిల్లని ఎత్తి తిప్పుతున్నాడు. ఆ పిల్ల 'నాన్నా ఇంకోసారి, నాన్నా ఇంకోసారి' అంటోంది. ఎలా వెళ్ళను లోపలికి? ఆ గేటు దగ్గర్నించి నడక మొదలుపెట్టి ఇదిగో, మీ మేడ మీదికి వచ్చాను."

తాడు నలిగిపోయినప్పుడల్లా కొత్త దారం మీదికి అవే ముళ్ళు ఎక్కించుకునేవారు. ఆఖరిసారి ఎక్కించింది ఏడేళ్ళ కిందట, ఈ ఇంట్లోనే, తవుడు బస్తా దారం మీద. ఆ తర్వాత చేతులు వణకడం మొదలైంది. మరుపు కూడా. పుష్పమ్మ ముఖమే ఒక్కో రోజు గుర్తు రావడం లేదన్నారు.

"ఇప్పుడు తలలో ఏమీ లేదమ్మా. ఉన్నదంతా ఈ బొటనవేలి కిందే."

అప్పుడే ఒక కవరు తీసి ఇచ్చారు. ఆయన పుస్తకాల ప్రచురణకర్త పంపించిన ఉత్తరం అది. రాసింది నోరా, టోబిన్ కూతురు. ఆమెకు ఇప్పుడు యాభై ఆరేళ్ళు. మా నాన్న గొంతు విన్నవాళ్ళలో ఆఖరివారు మీరేనని ఈమధ్యే తెలిసింది, ఆయన నా గురించి ఏమైనా అన్నారా, ఒక్క మాటైనా చాలు అని రాసింది.

"నేను చెప్తాను, మీరు రాస్తారా?" అని అడిగారాయన.

దుర్గకు కాళ్ళు నేల మీద ఆగలేదు. ఆ సాయంత్రమే ఆకివీడు వెళ్ళి రెండు వందల పేజీల గీతల పుస్తకం, నీలం పెన్నులు తెచ్చుకుంది. ఫోన్లో రికార్డు చేసుకుంటానంటే మాత్రం ఆయన ముఖం మారిపోయింది. జైల్లో ఒకసారి ఏదో కాగితం బలవంతంగా చదివించి, ఆ గొంతును యంత్రంలో పట్టి రేడియోలో వేశారట. తాడుకు ఫోటో తీస్తానన్నా వద్దన్నారు. వేలితో చదివేదానికి ఫోటో ఎందుకన్నారు. ఇంకో మాట కూడా తీసుకున్నారు. "ఈ తాడు సంగతి ఊళ్ళో చెప్పకండి. ఇన్ని ముళ్ళు చూస్తే చేతబడి అంటారు. నన్ను పంపేస్తే ఇంకెక్కడికి వెళ్ళను?" ఒక్క వినయ్‌కి చెప్పుకుంటానని దుర్గ బతిమాలి ఒప్పించింది. అత్తగారికి పుస్తకం రాయిస్తున్నారని మాత్రం తెలుసు.

పొద్దున్నే నాలుగు ముళ్ళు, ఒక్కో రోజు అయిదు. ఆయన ఇంగ్లీషులో చెప్పేవారు, దుర్గ రాసేది.

'నీకు ఏం పేరు పెట్టారో నాకు తెలియదు, అందుకని నువ్వు అనే పిలుస్తాను. మన ఇంటి వరండా మూడో మెట్టు వదులుగా ఉంటుంది, దిగేటప్పుడు గెంతకు. కుక్క పేరు డ్యూక్. అది కరవదు గాని కరిచేటట్టు నటిస్తుంది, నువ్వు కూడా భయపడ్డట్టు నటించు, దానికి సంతోషం. నదికి వెళ్తే మీ తాత పడవ ఎక్కు, ఎర్ర పడవ ఎక్కకు.'

అంతా ఇలాంటి మాటలే. ఇల్లు, కుక్క, నది, పీచ్ పండు రసం మోచేతి దాకా కారకుండా ఎలా తినాలి. దుర్గ రాస్తూ నవ్వేది, మధ్యలో కళ్ళు తుడుచుకునేది. తనూ ఒకటి చెప్పింది ఆయనకు: ఎప్పుడో యుద్ధం కోసమని వాళ్ళ గూడెంలో వేసిన రన్‌వే మీదే తను సైకిల్ నేర్చుకుని మోకాళ్ళు చెక్కించుకుందని. "మంచి పని చేశారు. అన్ని రన్‌వేల మీదా ఆడపిల్లలు సైకిల్ నేర్చుకోవాలి" అన్నారాయన.

"పిల్ల గురించి ఎప్పుడొస్తుంది తాతగారూ?" అని రోజూ అడిగేది.

"ఎనభయ్యో ముడి దాటాలి. ముందంతా ఇల్లు చూపిస్తాడు. ఎనభై దాటాక ఇంక ఆ పిల్లతోనే మాట్లాడతాడు. అక్కడ నాకు కొంచెం కష్టం. నెమ్మదిగా వెళ్దాం."

గోడ మీద దెబ్బల సంగతి ఆమె వినయ్‌కి నేర్పింది. అతను చెరువు నుంచి వచ్చి వంటింటి గోడ మీద బండి తాళంతో అయిదు కొట్టేవాడు. లోపల నుంచి ఆమె గరిటెతో రెండు కొట్టేది. "ఏంటమ్మాయ్, గోడకి మేకులు కొడుతున్నారా మీ ఇద్దరూ?" అని మంగాయమ్మ కేకేసేది.

అరవై ఒకటో ముడి దగ్గరకు వచ్చిన రోజున దుర్గ మనసు ఆగలేదు. అప్పటిదాకా రాసిందంతా టైపు చేసి నోరాకు పంపించేసింది. కింద తన మాటగా ఒక ముక్క చేర్చింది: మిగతాది ఈ నెలలోనే పంపిస్తాను, అసలు మంచి భాగం ముందుంది, అది మొత్తం మీ గురించే.

కాల్డర్ గారికి చెబితే, "తొందరపడ్డారేమో" అన్నారు. కోప్పడలేదు.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. రెండు రోజులు ఎడతెరిపి లేని వాన. గోనెపట్టా గాలికి ఊడిపోతే ఆయన దాన్ని కట్టబోయి తడిసిపోయారు. పొద్దున దుర్గ వెళ్ళేసరికి ఒళ్ళు కాలిపోతోంది, ఊపిరి అందడం లేదు. వెంకట్రాజుగారు కారు తెప్పించారు. ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి మెట్లు దింపుతుంటే, ఆయన తన పిడికిలి విప్పి తాడు దుర్గ చేతిలో పెట్టారు. అది తడిసి ముద్దయింది.

"ఆరబెట్టండి. పెట్టెలో పెడితే బూజు పడుతుంది. మూడు రోజులాగి తెచ్చివ్వండి, అక్కడే రాసుకుందాం."

"మీరేం బెంగ పెట్టుకోకండి తాతగారూ. నా ప్రాణంలా చూసుకుంటాను."

మర్నాడు ఎండ కాసింది. వాన వెలిసిన ఎండ, కడిగినట్టు. దుర్గ తాడును వెనక వసారాలో మేకుకు తగిలించింది, ఎండ బాగా పడేది అక్కడే. అత్తయ్యగారికి ఒక మాట చెప్పాలి, ఇది ముట్టుకోకండి అని, అనుకుంది కూడా. ఆవిడ అప్పుడు నూతి దగ్గర ఉంది. ఇంతలో వీధిలో వినయ్ హారన్.

"దుర్గా! ఆటపాక వెళ్దాం రా. వానకి పక్షులన్నీ దిగాయంట. మళ్ళీ చెరువు పని మొదలైతే నాకు ఖాళీ ఉండదు."

"ఉండండి, అత్తయ్యగారికి చెప్పి..."

"అమ్మకి నేను చెప్పేశాను. రావే బాబూ, ఎండెక్కితే గూళ్ళ చాటుకి పోతాయి."

ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తింది.

ఆ పూటంత మంచి పూట ఆమె బతుకులో లేదు. గూడబాతులు చెట్ల మీద తెల్లగా విరబూసినట్టు ఉన్నాయి. పిల్ల ఒకటి తల్లి నోటి సంచిలోకి తల మొత్తం దూర్చేసి తింటుంటే దుర్గ పడవలో నిలబడిపోయింది. "కూర్చో, మునిగితే మీ నాన్నకి నేను సమాధానం చెప్పాలి" అని వినయ్ కొంగు పట్టి లాగాడు. దారిలో ఆగి వేడివేడి బజ్జీలు తిన్నారు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మేకు గుర్తుకొచ్చింది. ఎండలో ఈపాటికి ఆరిపోయి ఉంటుంది అనుకుని సంతోషించింది.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. మంగాయమ్మ వసారాలో పీట మీద కూర్చుని ఉంది. ఆవిడ ముఖం వెలిగిపోతోంది.

"వచ్చారా! ఇదిగో అమ్మాయ్, చూడు. ఎవరు కట్టారో గాని ఎంత చిక్కు! మేకుకి వేలాడుతోంది. తవుడు బస్తాల దారమే. నువ్వే తగిలించావా, నేను చూస్తానని? భోజనం చేసి కూర్చుంటే ఇప్పటికి తెమిలింది. గోళ్ళు ఊడొచ్చాయనుకో. ఏళ్ళ నాటి ముళ్ళు. ఒక్కటి కూడా కొయ్యలేదు, అన్నీ విప్పాను."

ఆవిడ అరచేతిలో నిమ్మకాయంత ఉండ ఉంది. తెల్లగా, నున్నగా.

 దుర్గ చేతిలో ఉన్న బజ్జీల పొట్లం కింద పడింది.

"ఏమైందమ్మాయ్? కళ్ళు తిరుగుతున్నాయా? ఒరేయ్ వినయ్, నీళ్ళు తేరా!"

వినయ్ ఆ ఉండను చూశాడు, మేకు కేసి చూశాడు. "అమ్మా, అది కాల్డర్ గారిదమ్మా" అన్నాడు. ఆ తర్వాత చెప్పవలసిందంతా అతనే చెప్పాడు, తడబడుతూ. జైలు, గోడ, చనిపోయిన కుర్రాడు, ఆ పిల్ల.

మంగాయమ్మ విన్నది. మొదట అర్థం కాలేదు ఆవిడకు. అర్థమయ్యాక తన పమిట చెంగు కేసి చూసుకుంది. అక్కడొక ముడి ఉంది. శనివారం ద్వారకా తిరుమల వెళ్ళేవాళ్ళతో ముడుపు పంపించాలని, మర్చిపోకుండా పొద్దున వేసుకున్న ముడి.

"నేను కూడా ఇలాగే కదమ్మాయ్ గుర్తు పెట్టుకునేది" అంది, చిన్నగా. "నాకెందుకు తట్టలేదు?"

"మీ తప్పు లేదండీ. నేను చెప్పాలి. చెప్పకుండా వెళ్ళిపోయాను. పక్షుల్ని చూడ్డానికి."

ఆ పొద్దు గుంకేలోపు అత్తాకోడళ్ళిద్దరూ ఉండను విప్పి, దారాన్ని వసారా స్తంభానికీ కిటికీ చువ్వకీ మధ్య లాగి కట్టారు. ఏడేళ్ళు బిగిసి ఉన్నచోట్ల దారానికి సన్నటి వంకరలు పడి ఉంటాయి కదా. మంగాయమ్మ కళ్ళజోడు తుడుచుకుంటూ, వేలితో తడుముతూ, "ఇదిగో ఇక్కడొకటి... ఇక్కడ" అంటూ నడిచింది. ఆవిడ చూపించిన చోటల్లా దుర్గ ముడి వేసింది. కాని ఆవిడ చేతి పనితనం ఆవిడకే శత్రువైంది. తడిగుడ్డ పెట్టి లాగిన లాగుకు వంకరలు చాలా వరకు సాగిపోయాయి. తొంభై ఏడు దొరికాయి. వాటిలో నిజంగా ముడి ఉన్నవెన్నో, ఉండలో చుడితే నలిగినవెన్నో తెలియదు. ఏది బిగువు, ఏది వదులు, ఏది జంట? ఎక్కడ రెండు వేళ్ళ ఎడం?

"లేదమ్మాయ్, ఇంక కనపడ్డం లేదు" అని మంగాయమ్మ స్తంభానికి ఆనుకుని కూలబడింది. ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడూ తినలేదు.

చెప్పిన రోజుకు దుర్గ ఏలూరు వెళ్ళింది. వినయ్ వెంట వచ్చాడు గాని గదిలోకి రాలేక కాంటీను వైపు వెళ్ళిపోయాడు.

ఆసుపత్రి గది తలుపు తెరిచే ఉంది. మూసుకుపోకుండా ఒక కుర్చీ అడ్డం పెట్టి ఉంది. "మీ తాతగారు తలుపు వెయ్యనివ్వడం లేదండీ, రోజూ గొడవ" అని నర్సు ఫిర్యాదు చేసింది. కాల్డర్ గారు దిండుకు ఆనుకుని కూర్చున్నారు. జ్వరం తగ్గింది. కళ్ళు లోతుకు పోయాయి. ఆమెను చూడగానే చెయ్యి చాచారు.

తాడు ఇచ్చింది దుర్గ. నిజం చెప్పాలనే వచ్చింది. ఆ చాచిన చెయ్యి చూశాక చెప్పలేకపోయింది. ఏమో, వేలికి గుర్తుంటుందేమో, ముడి ఎలాంటిదైనా మాట దానంతట అదే వస్తుందేమో అనుకుంది. పుస్తకం తెరిచి, పెన్ను మూత తీసి కూర్చుంది.

"మొదటి నుంచి వస్తానండీ. లేకపోతే దారి దొరకదు" అని ఆయన కళ్ళు మూసుకున్నారు.

'నీకు ఏం పేరు పెట్టారో నాకు తెలియదు.' బొటనవేలు జరిగింది. 'మన ఇంటి వరండా మూడో మెట్టు వదులుగా ఉంటుంది.' జరిగింది. డ్యూక్ దగ్గర ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ మెట్టు. మళ్ళీ డ్యూక్. ఆ తర్వాత ముడి మీద వేలు గుండ్రంగా తిరిగింది, లోపలికి దారి వెతుక్కుంటున్నట్టు. మళ్ళీ మొదటికి వచ్చారు. ఈసారి మెట్టు దగ్గరే ఆగిపోయారు.

"ఇది నా చెయ్యి కాదు" అన్నారు కళ్ళు తెరవకుండా.

దుర్గ చెప్పింది. మేకు సంగతి, పక్షుల సంగతి, ఉండ సంగతి, ఏమీ దాచకుండా. చెప్తున్నంతసేపూ ఆయన తాడును వదల్లేదు.

ఆమె చెప్పడం అయ్యాక అడిగారు: "ఆవిడకి ఎంతసేపు పట్టింది?"

"మధ్యాహ్నమంతా అండీ."

"ఒక్కటి కూడా కొయ్యకుండా?"

"ఒక్కటి కూడా."

"పనిమంతురాలు" అన్నారు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అదే దుర్గకు భరించరానిదిగా ఉంది.

"ఆవిడకి చెప్పకండి."

"తెలిసిపోయిందండీ. రెండు రోజుల్నించి అన్నం ముట్టుకోలేదు."

"అయ్యో, తినమనండి. ఆకలితో పడుకోవద్దని టోబిన్ చెప్పాడు, ఆ పిల్లకి. ఉత్తరంలో ఉంది. ఎవరి మీద కోపం వచ్చినా సరే తినేసి పడుకో అని, ఎంత బాగా అన్నాడో... ఉండండి, చెప్తాను."

ఆయన వేలు తాడు మీద పరుగెత్తింది. మొదటి నుంచి చివరి దాకా, చివరి నుంచి మొదటికి. ఒక ముడి దగ్గర ఆగింది, కాదని ముందుకు పోయింది. దుర్గ పెన్ను కాగితం మీద ఆనించి ఎదురుచూసింది. పెన్ను మొన కింద సిరా చుక్క పెద్దదవుతోంది. తాడు చివర వచ్చేసింది. చివర కూడా దాటి వేలు దుప్పటి మీదికి జరిగి, దుప్పటి పోగును తడిమింది.

"నాకు గుర్తు చెయ్యండమ్మా. మీకు చెప్పానా అది?"

"లేదండీ. అరవై ఒకటి దాకానే చెప్పారు."

"ఓహో" అన్నారు.

ఆమె ఆయన పాదాలు పట్టుకుంది. ఆయన పట్టించుకోలేదు, లేదా తెలియలేదు. తాడును నాలుగు వేళ్ళ చుట్టూ తిప్పుకుని, జాగ్రత్తగా చుట్ట చేసి, పుస్తకం మీద పెట్టారు. ఇంకొకరి వస్తువు తిరిగి ఇచ్చేసినట్టుగా. ఆ తర్వాత గోడ వైపు ఒత్తిగిలి పడుకున్నారు.

"దుర్గమ్మా."

"చెప్పండి తాతగారూ."

"ఆ కుర్చీ తీసేసి, తలుపు వేసి వెళ్ళండి."

ఆమెకు సరిగ్గా వినపడలేదేమో అనిపించింది. "వెయ్యనా? మీకు..."

"వెయ్యండి. గట్టిగా."

కుర్చీ జరిపింది. తలుపు లాగింది. గొళ్ళెం పడ్డ చప్పుడు వరండా అంతా వినిపించింది. వరండా బల్ల మీద కూర్చుంది. ఎదురుగా ఎవరో పుట్టిన పిల్లను బట్టలో చుట్టుకుని నవ్వుకుంటూ తీసుకెళ్తున్నారు. మూడు రోజుల కిందటైతే లేచి వెళ్ళి ఆ పిల్ల ముఖం చూసి వచ్చేదే.

సంచిలో ఫోన్ మోగి ఆగింది. నోరా దగ్గర నుంచి జవాబు.

'మీరు పంపినవి మా అబ్బాయికి చదివి వినిపించాను. నేను ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంటున్నాను. మూడో మెట్టు ఇంకా వదులుగానే ఉంది. ఎందుకో ఎప్పుడూ బాగుచేయించలేదు. ఇవాళ పొద్దున దాని మీద చాలాసేపు కూర్చున్నాను. నా గురించిన భాగం ఎప్పుడొస్తుంది? యాభై ఆరేళ్ళు ఆగాను, ఈ నెలాఖరు దాకా ఆగగలను. కానీ మీకు వీలైతే, ముందు ఒక్క వాక్యం పంపగలరా?'

దుర్గ ఆ అక్షరాల మీద బొటనవేలు పెట్టింది. జవాబు రాసే చోటు ఖాళీగా తెరుచుకుంది. ఏదో ఒక వాక్యం తను రాసేయవచ్చు. ఆకలితో పడుకోవద్దని, ఎంత బాగా అన్నాడో ఆ మాట, తనకు వచ్చిన ఇంగ్లీషులో రాసి పంపేయవచ్చు. ఎవరికీ తెలియదు. ఆ ఖాళీని చూస్తూ కూర్చుంది. ఒక్క అక్షరం కూడా కొట్టలేదు.

అప్పుడు వినిపించింది. మూసిన తలుపు అవతల, గోడ మీద, వేలితో. అయిదు దెబ్బలు.

ఆగింది. అంతసేపు ఆగితే గాని జవాబు రాదని తెలిసినవాడు ఆగినట్టు, ఓపికగా ఆగింది.

మళ్ళీ అయిదు.

ఆమె కూర్చున్న బల్ల ఆ గోడకే ఆనుకుని ఉంది. దెబ్బలు ఆమె వీపుకు తగులుతున్నాయి. వంటింట్లో గరిటెతో ఎన్నిసార్లు కొట్టిందో ఆ రెండూ, నవ్వుతూ, తాలింపు మాడిపోతున్నా. చెయ్యి దానంతట అదే లేచింది. మడిచిన వేలు గోడకు వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయింది. ఉన్నాను అని చెప్పడానికి తను ఎవరు?

వినయ్ టీ కప్పులు పట్టుకుని వరండా చివర కనిపించాడు. దూరం నుంచే, ఏమైంది అన్నట్టు కళ్ళెగరేశాడు. దుర్గ గోడ నుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

లోపల మళ్ళీ అయిదు.